గీత పక్కన చుక్క

మొదటి గౌను కాలరు తిరగేసి చూశాడు నంబరన్న. లేదు. రెండోది చూశాడు. లేదు. మూడోదాన్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి వెలుతురుకి ఎత్తిపట్టాడు. నిన్న సాయంత్రం గంటన్నర కూర్చుని ఎర్రదారంతో కుట్టిన ముప్పై ఒకటి అంకె ఉండాల్సిన చోట సూది చిల్లులు మాత్రం సన్నగా, వరసగా కనిపించాయి. తతిమ్మా మూడూ చూడనక్కర్లేదని తెలిసినా చూశాడు. ఆరింటికి ఆరూ ఊడిపోయాయి.

అమ్మ మంచం అంచున కూర్చుని ఉంది. ఒళ్ళో గుప్పెడు ఎర్రదారం ముక్కలు. ఒక్కొక్క ముక్కనీ వేళ్ళతో సాగదీసి మోకాలి మీద పక్కపక్కనే పేరుస్తోంది. పళ్ళ మధ్య జడపిన్ను ఉంది. ఇంట్లో సూదులు దాచాడు, కత్తెర దాచాడు, కూరగాయల కత్తిని పిండి డబ్బాలో పాతిపెట్టాడు. జడపిన్ను సంగతి తట్టలేదు. ముప్పై నాలుగేళ్ళు లాండ్రీలో గుర్తులు వేసీ తీసీ అరిగిన వేళ్ళవి. వాటికి జడపిన్నే ఎక్కువ.

"ఏంటమ్మా ఇది? ఏం చేశావ్?"

ఆమె ఉలిక్కిపడి లేచి నిలబడింది. దారం ముక్కలు నేల మీదికి రాలాయి. "అయిపోవచ్చిందండీ సూపర్వైజర్ గారూ. ఇంకొక్క నిమిషం."

ఈ మధ్య ఆమె అతన్ని కొట్టింది, గిల్లింది, సబ్బు దొంగ అని వాకిట్లో నిలబడి కేకలేసింది. అవన్నీ అతను దులిపేసుకున్నాడు. ఈ 'అండీ' ఒక్కటే దులిపితే పోయేది కాదు. కన్నతల్లి నోట మీరు అనిపించుకోవడం కంటే దూరం ఇంకోటి లేదని అతనికి యాభై ఏళ్ళు దగ్గర పడుతుండగా తెలిసొచ్చింది.

గోడ గడియారం ఏడూ ఇరవై చూపిస్తోంది. నాలుగింటికి వ్యాన్ వస్తుంది.

వ్యాన్ ఊరి చివర ఉన్న సంరక్షణ గృహానిది. అందరూ దాన్ని హోమ్ అంటారు. మతి తప్పిన పెద్దవాళ్ళని చూసుకోవడానికే పెట్టారు. ఐదు నెలలు ఎదురుచూస్తే మొన్న ఒక మంచం ఖాళీ అయింది. ఎలా ఖాళీ అయిందో అతను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. ఇవాళ చేరకపోతే వరసలో తర్వాతివాళ్ళకి ఇచ్చేస్తారు. ఆరు గౌన్లు, ఒక స్వెట్టరు తేవాలి, అన్నింటి మీదా మంచం నంబరు కుట్టి ఉండాలి, లేకపోతే అవి ఎవరి ఒంటి మీదికి పోతాయో మా పూచీ లేదు అని ఫోనులో చెప్పారు. అప్పుడు అతనికి నవ్వొచ్చింది. ఇరవై ఆరేళ్ళుగా గుర్తులు వేయడమే పనిగా ఉన్నవాడికి గుర్తుల గురించి చెప్పడం, తాతకి దగ్గులు నేర్పడమే కదా.

ఇప్పుడు నవ్వు రాలేదు. గౌన్లు ఆరూ సంచీలో కుక్కాడు. స్వెట్టరు పైన పెట్టాడు. లాండ్రీలో మధ్యాహ్నం లోపల మళ్ళీ కుట్టాలి. ఇవాళ సెలవు అడిగితే మేనేజరు మొహం పక్కకి తిప్పుకున్నాడు. పెద్ద హోటలు దుప్పట్లు వస్తున్నాయట, ఇద్దరు మనుషులు జ్వరంతో ఇంట్లో ఉన్నారట. చివరికి అమ్మని వెంట తెచ్చుకోమనీ, వ్యాన్ లాండ్రీకే రప్పించుకోమనీ ఒప్పుకున్నాడు. మేనేజరు చెడ్డవాడు కాదు, అతని నెత్తిన కూడా ఎవరో ఉన్నారు.

"పద అమ్మా, పనికి పోదాం."

పని అనే మాటకి మాత్రం ఆమె ఎప్పుడూ ఎదురు చెప్పదు. చెప్పులు వేసుకుంది, కుడిది ఎడమకి, ఎడమది కుడికి. అతను మోకాళ్ళ మీద కూర్చుని మార్చాడు. గుమ్మం దాటాక వెనక్కి వచ్చి దిండు కింద దాచుకున్న సబ్బుబిళ్ళ తీసుకుంది. తాళం వేశాక ఆమె మళ్ళీ తలుపు తోసి చూసింది. అతనూ తోసి చూశాడు. ఆ అలవాటు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఇప్పుడు చెప్పడం కష్టం.

రెండేళ్ళ కింద ఇదంతా నవ్వులాటగానే మొదలైంది. ఒకరోజు మేడ మీద ఆరేసిన బట్టలన్నీ అమ్మ తీసుకొచ్చి, చక్కగా మడతపెట్టి, వాటా వాటాకీ తిరిగి పంచేసింది. పై వాటా లెక్కల మాస్టారి నిక్కర్లు ఎదురింటి పిన్నికి అందాయి. పిన్ని లోపలి బట్టలు మాస్టారికి అందాయి. వారం రోజులు వాళ్ళిద్దరూ మెట్ల మీద ఎదురుపడితే ఒకరు గోడకేసీ, ఇంకొకరు ఆకాశంకేసీ చూశారు. ఆ కథ చెప్పుకుని నంబరన్న కూడా కడుపుబ్బ నవ్వాడు. ఆ నవ్వుకి ఇప్పుడు తనని తాను తిట్టుకుంటాడు.

ఆ తర్వాత నవ్వులేవీ మిగల్లేదు. స్నానం అంటే కొట్లాట. అన్నం తిన్న పావుగంటకి, మూడు రోజులుగా పస్తులున్నానని పక్కింటివాళ్ళకి ఫిర్యాదు. స్టవ్ మీద ఖాళీ గిన్నె పెట్టి అది ఎర్రగా కాలేదాకా ఎదురుగా నిలబడి చూడటం. పగలంతా కంటికి రెప్పలా చూసుకున్న ఎదురింటి పిన్నిని మూడు వారాల కింద చెంప మీద కొట్టింది. పిన్ని ఏడుస్తూ, "నాకూ అరవై దాటాయి నాయనా, నా వల్ల కాదు" అని చేతులెత్తేసింది. ఆమెని తప్పుపట్టడానికి అతనికి నోరు రాలేదు.

అన్నిటికంటే భయపెట్టింది నడక. అమ్మ కాళ్ళు ఒకచోట నిలవవు. మొదటిసారి మాయమైనప్పుడు, పూర్వం లాండ్రీ ఉన్న వీధిలో దొరికింది. అది ఇప్పుడు టైర్ల కొట్టు. కొట్టువాడు స్టూలు వేసి కూర్చోబెట్టాడు కాబట్టి సరిపోయింది. అదే రోజు నంబరన్న ఆమె బట్టలన్నింటికీ కాలరు లోపల ఇంటి చిరునామా రాసిన గుడ్డపట్టీ కుట్టాడు. గుర్తులవాడి బుద్ధి అంతకంటే ఎక్కడికి పోతుంది! రెండోసారి ఆమె పొద్దున పదకొండింటికి వెళ్ళి సాయంత్రం ఐదింటికి దొరికింది, ఏ బస్సూ దాటి పోని ఆఖరి స్టాపులో, మడమలు పగిలి నెత్తురు కారుతూ, చంకలో ఎవరివో రెండు తువ్వాళ్ళతో. చుట్టూ జనం. ఎవరి తాలూకో ఎవరికీ తెలియలేదు. కాలరు వెనక పట్టీ లేదు. అదీ ఊడదీసింది.

"అన్నయ్యా, నువ్వు మనిషివేగా" అంది చెల్లెలు ఆ రోజు ఫోనులో, వేరే ఊళ్ళో తన అత్తారింట్లో నుంచి. "నీకు ఓపిక అయిపోయింది. ఒప్పుకోడానికి నామోషీ, అంతే." అతను ఫోను పెట్టేశాడు. పది నిమిషాలాగి తనే చేసి, "హోమ్ నంబరివ్వు" అన్నాడు.

బస్సులో సీటు దొరికినా అమ్మ కూర్చోలేదు. ముందు సీట్లోని లావుపాటి మనిషి కాలరు పట్టుకుని వెనక్కి తిప్పి, ముక్కు ఆనించేంత దగ్గరగా చూసింది. ఆ మనిషి తుళ్ళిపడి తిరిగాడు.

"మన బట్ట కాదురా ఇది" అంది నంబరన్నతో, తీర్పు చెప్పినట్టు. కాలరు మళ్ళీ సర్ది, ఆ పెద్దమనిషి భుజం తట్టింది. "బాగానే ఉతికారులే."

నంబరన్న రెండు చేతులూ జోడించాడు. ఆ మనిషి అర్థమైనట్టు తలూపి కిటికీ వైపు జరిగాడు. ఆమె 'రా' అన్నది. ఆ ఒక్క అక్షరానికి నంబరన్న రెండు స్టాపులు తేలిపోయాడు. ఆ తర్వాత ఆమె ఎక్కడికెళ్తున్నాం అని అడిగింది. చెప్పాడు. మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాడు. పదకొండోసారి అతను చెప్పలేదు, పన్నెండోసారి మళ్ళీ చెప్పాడు.

లాండ్రీ వెనక గుమ్మం తోస్తే ముందు ఆవిరి మొహాన కొడుతుంది, తర్వాత చప్పుడు. ఎడమవైపు ఉతికే యంత్రాలు ఆరు, కుడివైపు ప్రెస్సులు నాలుగు, మధ్యలో పాత చోటు నుంచి తెచ్చిన, బట్టలు వేరుచేసే పొడుగాటి బల్ల. ఆ బల్ల కొసన కిటికీ పక్కన ఒక స్టూలు, ఒక దీపం, దారం ఉండల పెట్టె. అది నంబరన్న సింహాసనం. అంతకుముందు అమ్మది. వచ్చిన ప్రతి బట్టకీ ఖాతాదారు నంబరు కుట్టడం, లేదా చెరగని సిరాతో రాయడం అతని పని. అతనికి మొహాలు గుర్తుండవు, పేర్లు అసలే గుర్తుండవు. "నూట ఎనభై రెండు బక్కచిక్కిపోయాడు, చొక్కాలన్నీ వదులైనట్టున్నాయి" అంటాడు. "నలభై మూడుకి మళ్ళీ మొగుడితో పడట్లేదు, దుప్పట్లు వేర్వేరుగా వస్తున్నాయి" అంటాడు. అందుకే నంబరన్న అయ్యాడు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, నా నంబరు పిలవలేదు అంటాడు. అదొక్కటే అతనికి వచ్చిన జోకు. ఇరవై ఏళ్ళుగా అదే నడుపుతున్నాడు.

కొక్కేనికి వేలాడుతున్న నీలం పని కోటు వేసుకున్నాడు. ఎడమ జేబు పైన ఎర్రదారం ఎక్కించిన సూది గుచ్చి ఉంది. అది ఎప్పుడూ అక్కడే ఉంటుంది, తలలో దువ్వెన పెట్టుకుని తిరిగేవాళ్ళలా అతనికి దాని ధ్యాసే ఉండదు.

"అత్తమ్మా, రా రా, నీ కోసమే ఎదురుచూస్తున్నా" అంటూ ప్రెస్సు మీద పనిచేసే ఆవిడ ఎదురొచ్చింది. లాండ్రీ మొత్తానికీ ఆమె ప్రెస్సు వదిన. చేయి నిలువునా పాత కాలిన మచ్చలు, నోట్లో నువ్వుగింజ నానదు. అమ్మని బల్ల దగ్గర కూర్చోబెట్టి, హోటలు నుంచి వచ్చిన చేతిరుమాళ్ళ గుట్ట ముందు పోసింది. "చూసి పెట్టత్తమ్మా, ఈ కుర్రకుంకలకి కళ్ళు కనపడవు" అంది. ఆ కుర్రకుంకల్లో అందరికంటే చిన్నవాడికి నలభై దాటాయి.

అంతే, అమ్మ చేతులు కుదురుకున్నాయి. పొద్దున్నించీ గాలిలో దేన్నో వెతుకుతున్న వేళ్ళు గుడ్డ అంచు తగలగానే తమ దారి తాము పట్టాయి. పట్టుకోవడం, తిప్పడం, చూడటం, వేయడం. ఒక్కటీ తప్పు పడలేదు. కొడుకుని పోల్చుకోలేని మనిషి, పదిహేడో అంతస్తు రుమాలునీ పదకొండో అంతస్తు రుమాలునీ గుడ్డిదీపం వెలుగులో పోల్చుకుంటోంది. నంబరన్నకి సంతోషమూ వేసింది, కడుపులో మంటా పుట్టింది. నేను ఆ రుమాలు పాటి చేయలేదా అనుకున్నాడు. అనుకున్నందుకు సిగ్గుపడి దారం పెట్టెలోంచి సూది తీశాడు.

మొదటి గౌను ముందేసుకుని మూడు కుట్లు వేశాడో లేదో, అమ్మ నాలుక చప్పరించిన చప్పుడు వినిపించింది. పనిలో ఎవరైనా తప్పు చేస్తే ఆమె చప్పరించే తీరే అది. అతను చిన్నప్పటి నుంచీ ఆ చప్పుడికి భయపడ్డాడు. ఒక రుమాలు ఎత్తి చూపించింది. దాని మూల హోటలు గుర్తు ఉంది, పక్కనే ఇంకేదో లాండ్రీ వేసిన పాత గుర్తూ ఉంది.

"ఎవరు వదిలేశారిది?" అంది. గొంతు పాతికేళ్ళ వెనకటిది, గట్టిది. "రెండు గుర్తులున్న బట్ట ఏ గుమ్మానికీ చేరదు. ఎన్నిసార్లు చెప్పాలి? ఏది దాని ఇల్లో ఆ గుర్తుంచి రెండోది పీకెయ్."

జడపిన్ను తీసి పాత గుర్తు పీకేసింది. రుమాలుని గుట్టలో వేసింది. తర్వాతి రుమాలు అందుకుంది.

నంబరన్న చేతిలో సూది అక్కడే ఆగిపోయింది. గౌను కాలరు వైపు చూశాడు. అతను కొత్తగా వేస్తున్న కుట్ల పక్కన, ఏళ్ళనాటి ఎర్రదారంతో ఒక గీత, దాని పక్కన ఒక చుక్క. ఇంటి గుర్తు.

లాండ్రీలో పనిచేసేవాళ్ళు శనివారం సాయంత్రం తమ ఇంటి బట్టలు కూడా అక్కడే ఉతుక్కోవచ్చు. అవి ఖాతాదారుల బట్టల్లో కలిసిపోకుండా ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు. వీళ్ళది రెండు గీతలు, రెండు చుక్కలు. గీతలు పెద్దవాళ్ళు, చుక్కలు పిల్లలు. నాన్న పోయిన నెలలోనే అమ్మ ఇంట్లో బట్టలన్నీ ముందేసుకుని ప్రతి కాలరు నుంచీ ఒక గీత విప్పేసింది. అతనికప్పుడు పద్దెనిమిదేళ్ళు. ఉండనీయమ్మా అని బతిమాలాడు. "లేనివాళ్ళని లెక్కలో ఉంచితే ఉన్నవాళ్ళ బట్టలు పోతాయిరా" అంది, తల ఎత్తకుండా. చెల్లెలు పెళ్ళయి వెళ్ళినప్పుడు ఒక చుక్క విప్పింది. "దానికిక ఆ ఇంటి గుర్తుంటుంది" అంది. ఆ రోజు మాత్రం కళ్ళు తుడుచుకుంది. ఇరవై రెండేళ్ళుగా గీత పక్కన చుక్క, ఆమె గౌన్ల మీదా, అతని చొక్కాల మీదా, ఈ పని కోటు మీదా.

అతను అంకె కుట్టింది ఆ గుర్తు పక్కన. చిరునామా పట్టీ కుట్టిందీ ఆ గుర్తు పక్కనే. ఇరవై ఆరేళ్ళ అనుభవం ఉన్న గుర్తులవాడు ఒకే బట్ట మీద రెండు గుర్తులు వేశాడు. మొదటి రోజు పనిలో చేరినవాడు కూడా చేయని తప్పు. జబ్బుతో చేసిందనుకుని అతను కోప్పడిన పనిని ఆమె పనిమంతురాలిగా చేసింది. పట్టీ వేసేముందు ఆ గీతా చుక్కా విప్పి ఉంటే ఆమె పట్టీ జోలికే పోయేది కాదు. ఆ ఆరు గంటలూ, ఆ పగిలిన మడమలూ ఉండేవి కావు. గోడ గడియారం చూశాడు. పదకొండున్నర.

మరి ఇప్పుడు ఏం చేయాలో తెలిసిపోయింది. తెలియడమే కష్టమైంది.

చిన్న కత్తెర తీసుకున్నాడు. గీత మీద పెట్టాడు. తీసేశాడు. లేచి నీళ్ళు తాగాడు. వచ్చి కూర్చున్నాడు. మళ్ళీ లేచి, ఉతికే యంత్రంలో సబ్బు చాలిందో లేదో చూశాడు, అది అతని పని కాకపోయినా. ప్రెస్సు వదిన కాసేపు చూసి, "ఏంటి మరిదీ, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావ్?" అంది. దగ్గరికొచ్చి గౌను చూసింది, కత్తెర చూసింది. ఏదో అనబోయి ఊరుకుంది. ఆమె నోరు మూసుకోవడం లాండ్రీలో ఎవరూ చూసి ఎరగరు.

మొదటి గౌను మీది గీత తెగింది. ఆ తర్వాత చుక్క. పాత దారం కదా, గట్టిగా బిగిసిపోయి, ముక్కలుగా వచ్చింది. ఆ చోట ముప్పై ఒకటి కుట్టాడు. రెండోది. మూడోది. ఏడుపొచ్చింది, ఏడ్చాడు కూడా. ఆవిరి పట్టిన ఆ గదిలో ఎవరి మొహం తడిగా ఉన్నా ఎవరూ అడగరు. నాలుగోది. స్వెట్టరు. ఐదోది. ఐదో గౌను మీద ఒకట్ల అంకె ముగించి దారం కొరికి తల ఎత్తాడు. బల్ల ముందు స్టూలు ఖాళీగా ఉంది. రుమాళ్ళన్నీ దొంతర్లుగా పేర్చి ఉన్నాయి. వెనక గుమ్మం బార్లా తెరిచి ఉంది.

పరిగెత్తాడు. వీధి ఆ కొస దాకా, ఈ కొస దాకా, మందుల దుకాణం లోపలికి, బస్సు స్టాపుకి, ఆగి ఉన్న బస్సు ఎక్కి దిగి, సందులోకి, సందు వెనక చెత్తకుండీల దాకా. "నల్ల గౌను, నెరిసిన జుట్టు, చేతిలో సబ్బు ఉంటుంది" అని కనిపించినవాళ్ళందరినీ అడిగాడు. ఇవాళ ఆమె తొడుక్కున్న నల్ల గౌను మీద ఏ చిరునామా లేదు. గీతా చుక్కా తప్ప ఏమీ లేదు, ఆ గుర్తు ఈ ఊళ్ళో చదవగలిగినవాడు తనొక్కడే. ఊపిరి అందక మోకాళ్ళ మీద చేతులు పెట్టి వంగాడు. ఆ క్షణంలో, దొరక్కపోతే బాగుండు అని ఒక ఆలోచన మెరుపులా వచ్చి పోయింది. వచ్చింది. రాలేదని అబద్ధం చెప్పుకోవడానికి అతనికి ఓపిక లేదు.

"మరిదీ!" వెనక గుమ్మంలోంచి ప్రెస్సు వదిన కేక. "ఇక్కడే! ఇక్కడే ఉంది!"

ఆరబెట్టే గదిలో, వేలాడుతున్న దుప్పట్ల వరసల నడుమ నిలబడి ఉంది. బయటికి వెళ్ళలేదు. దుప్పట్ల మధ్య దారి తెలియక అక్కడే తిరిగింది. కాళ్ళ దగ్గర నేల తడి, గౌను తడి. అతను దగ్గరికి వెళ్ళగానే చాచి కొట్టింది. చెవి గుయ్యిమంది.

"ఎవడ్రా నువ్వు? మా వాడేడి? వాణ్ణి బల్ల కింద పడుకోబెట్టొచ్చాను. ఏం చేశావ్ వాణ్ణి?"

నాలుగేళ్ళప్పుడు అతను ఆ బల్ల కిందే పడుకునేవాడు, మురికి దుప్పట్ల మూట మీద. ఆ విషయం తనే మరిచిపోయాడు.

"ఇక్కడే ఉన్నానమ్మా" అన్నాడు.

ఆమె నమ్మలేదు. ప్రెస్సు వదిన అతన్ని భుజం పట్టి పక్కకి జరిపి, "నువ్వు పో. ఇది ఆడవాళ్ళ పని. అత్తమ్మా, రా, వేణ్ణీళ్ళున్నాయి" అని నడిపించుకుపోయింది. అరగంట తర్వాత, ఇంకా అంకె కుట్టని ఆరో గౌను తొడిగి తెచ్చింది. అమ్మ వణుకుతోంది. నంబరన్న తన కోటు విప్పి భుజాల చుట్టూ కప్పి, బల్ల కొసన తన స్టూలు మీద కూర్చోబెట్టాడు. తడిసిన నల్ల గౌను తీసుకుని తనే ఉతికాడు, యంత్రంలో వేయలేదు. పిండాడు, ఆరబెట్టాడు. ప్రెస్సు మీద పరిచి ఇస్త్రీ చేశాడు. మడతలు పడకుండా చేతుల దగ్గర రెండుసార్లు చేశాడు. ప్రెస్సు వదిన తన చోటు ఖాళీ చేసి చూస్తూ నిలబడింది తప్ప వంక పెట్టలేదు.

మధ్య మధ్యలో అటు చూస్తూనే ఉన్నాడు. అమ్మ కిటికీ వైపు తిరిగి, వీపు ఇటు పెట్టి కూర్చుంది. తల బాగా వంచుకుంది. కునుకు పట్టిందనుకున్నాడు. పట్టనీ పాపం అనుకున్నాడు.

గౌను తీసుకుని వెళ్ళేసరికి ఆమె మేలుకునే ఉంది. కోటు ఒంటి మీద లేదు. బల్ల మీద, లాండ్రీ మడత పెట్టి, చేతులు లోపలికి దోపి, కాలరు పైకి వచ్చేలా పెట్టి ఉంది.

"చలేస్తుంటే తీసేశావేంటమ్మా?" అని విసుక్కున్నాడు.

"అయిపోయిందండీ" అంది ఆమె. "ఎవరిదో మంచి బట్ట. పాతదే గానీ మంచిది."

మూడూ యాభైకి వ్యాన్ వచ్చింది. చెప్పిన టైము కంటే పది నిమిషాలు ముందు. నిమిషాలు కూడా అతని వైపు లేవు. తెల్లటి బండి, పక్కన పూల బొమ్మ. హోమ్ ఆయా దిగింది, నడివయసు మనిషి, నింపాది మొహం. సంచీ తీసుకుని గౌన్ల కాలర్లు ఒక్కొక్కటే తిప్పి చూసింది.

"అబ్బ, ఎంత బాగా కుట్టారండీ! మావాళ్ళు పెన్నుతో గీకేస్తారు."

"ఒంటి మీదున్న దానికీ, ఈ నల్లదానికీ నంబరు వేయలేదు" అన్నాడు నంబరన్న. ఆగి, "సూదీ దారం ఇక్కడే ఉన్నాయి. రెండు నిమిషాలు…" అన్నాడు గానీ చేయి కదల్లేదు.

ఆయా అతని మొహం చూసింది. "ఉండనీండి. అక్కడ చూసుకుందాం."

ఉండనిచ్చాడు.

అమ్మ ఆయా చేయి పట్టుకుని వ్యాన్ దాకా గునగునా నడిచింది. నడవడం ఎప్పుడూ ఆమెకి కష్టం కాదు. మెట్టు మీద కాలు పెట్టి, "కొత్త లాండ్రీయా? ప్రెస్సులెన్ని?" అని అడిగింది.

"మూడున్నాయమ్మా" అంది ఆయా, రెప్ప వేయకుండా.

"మూడే? ఇక్కడ నాలుగు." కొంచెం చిన్నబుచ్చుకుంది. ఎక్కి కూర్చుని, కిటికీలోంచి చేయి బయట పెట్టి నంబరన్నని దగ్గరికి పిలిచింది. అతను వెళ్ళాడు. నోటిదాకా వచ్చింది, దిగమ్మా, ఇంటికి పోదాం అని. చెల్లెలి మాటలు, ఎర్రగా కాలిన గిన్నె, మడమల నెత్తురు, ఇందాక వీధిలో తనకొచ్చిన ఆలోచన, అన్నీ అడ్డం పడ్డాయి.

"సూపర్వైజర్ గారూ" అంది ఆమె, గొంతు తగ్గించి, చనువు లేని మనిషిని సాయం అడిగేటప్పుడు అడిగినట్టు. "మా వాడు లేస్తే చెప్పండి, నేను పనికెళ్ళానని. ఏడవొద్దని చెప్పండి. కొంచెం నెమ్మదస్తుడు వాడు, ఎవరినీ ఏమీ అడగడు. మీరే చూసుకోవాలి."

అతను తల ఊపాడు. అది చాలదనిపించింది.

"చెబుతానండీ" అన్నాడు.

బతుకులో మొదటిసారి తల్లిని అండీ అన్నాడు. ఆమెకి నిశ్చింత కలిగినట్టుంది. చేయి లోపలికి తీసుకుంది. వ్యాన్ వీధి మలుపులో సిగ్నల్ దగ్గర కాసేపు ఆగింది. పచ్చదీపం పడ్డాక వెళ్ళిపోయింది.

లోపల యంత్రాలు తిరుగుతూనే ఉన్నాయి. హోటలు దుప్పట్లు వచ్చి పడ్డాయి, మేనేజరు గుమ్మంలో నిలబడి తలకి మించిన పని ఉన్నవాడి మొహం పెట్టాడు. ప్రెస్సు వదిన గ్లాసుడు టీ తెచ్చి బల్ల మీద పెట్టి, పక్క నుంచే వెళ్ళిపోయింది. నంబరన్న కాసేపు నిలబడ్డాడు. కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. రెండేళ్ళుగా కళ్ళు ఒక మనిషిని కాపలా కాశాయి, ఇప్పుడు ఏ మూలకి చూసినా ఫరవాలేదు. ఇంటికి వెళితే తలుపుకి తాళం వేయాల్సిన పని లేదు. సూదులు దాచాల్సిన పని లేదు.

సూది గుర్తొచ్చింది. కోటు అందుకున్నాడు. జేబు పైన సూది ఉంది, కానీ దాని కంటిలో దారం లేదు. పొద్దున జానెడు ఉండేది. ఆమె కూర్చున్న స్టూలు కింద, గడపలో దుమ్ములా, చిన్న చిన్న ఎర్ర ముక్కలు కనిపించాయి, పాతవి, వెలిసినవి. అతను కోటు మడత విప్పి దీపం కిందికి తెచ్చాడు. కాలరు తిరగేశాడు.

గీత లేదు. గీత ఉన్న చోట సూది చిల్లులు ఏడు, నిలువుగా, ఖాళీగా. వాటి పక్కన చుక్క ఉంది. ఇరవై రెండేళ్ళ పాత దారం మీద కొత్త ఎర్రదారం చుట్టి చుట్టి, ఇంకెన్ని ఉతుకులకీ ఊడకుండా, చిన్న గుండీ అంత లావున కుట్టి ఉంది. కత్తెర పక్కనే ఉన్నా ముట్టలేదు, పళ్ళతో కొరికిన దారం కొస ఇంకా తడిగానే ఉంది.